ఏం కూరని అడగని మనిషి

ఆ రోజుల్లో మా వైపు గొంతు కాస్త గట్టిగా ఉన్న ప్రతి ఆడపిల్లకీ యాంకర్ అయిపోవాలని ఉండేది. మరీ పాతకాలం మాటేం కాదు. అప్పటికింకా ఫోన్లు జనాన్ని పూర్తిగా మింగెయ్యలేదు, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు కూలబడేవారు, అంతే తేడా. నాకు గొంతు ఉండేది, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియకపోవడం కూడా ఉండేది. (‘రైలు కూతేసినా ఇది ఆగదు’ అని మా అమ్మ చుట్టాలందరి దగ్గరా వాపోయేది. నేను దాన్ని పొగడ్త కింద జమ కట్టుకునేదాన్ని.) టెక్కలిలో డిగ్రీ పూర్తిచేసి, అద్దం ముందు దువ్వెన పట్టుకుని హైదరాబాదు యాంకర్లలా నవ్వడం నేర్చుకుని, పలాసలో ఒక కేబుల్ ఛానల్లో చేరిపోయాను. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకాలే ఇంకొకటి కూడా వస్తుంది, అందుకే తరచు తలుచుకోను.

ఛానల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్టు మీద రెండు గదులు. కింద నుంచి జీడిపిక్కలు కాల్చిన వాసన, పైన కరెంటు తీగల వాసన. వెనకాల తెర మీద మా జిల్లాలో ఎక్కడా లేని ఓ జలపాతం బొమ్మ. ఛానల్ ఓనరు నాకు వరసకి బావ అవుతాడు, ఊరంతా ఆయన్ని కేబులు బావ అనేది. కెమెరా ఆయనే తిప్పేవాడు, ఫోన్లు ఆయనే కలిపేవాడు, తీగ తెగితే స్తంభమూ ఆయనే ఎక్కేవాడు. ఇక మధ్యాహ్నం పూట ఫోన్ చేసినవాళ్ళకి పాత పాటలు వేసే కార్యక్రమం నడిపేది మాత్రం సప్పిడి మేష్టారు. ఒకప్పుడు పిల్లలకి ట్యూషన్లు చెప్పేవాడట, అందుకని మేష్టారు. సప్పిడి ఎందుకో, టీవీలో ఆయన్ని ఒక్కసారి చూసిన వాళ్ళెవరూ అడగలేదు.

ఆ మనిషిలో ఉప్పు లేదు. ఎప్పుడు చూసినా బిస్కట్ రంగు చొక్కా, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, రేషన్ కార్డుకి ఫోటో దిగుతున్నట్టు కూర్చునేవాడు. ఫోన్ మోగితే, “నమస్కారం. ఎవరండీ మాట్లాడేది? ఏ ఊరండీ?” అనేవాడు. వాళ్ళు చెప్పేవారు. “ఎండెలా ఉందండీ?” అనేవాడు. (వానాకాలంలో “వానెలా ఉందండీ?”, చలికాలంలో “మంచు పడుతోందాండీ?” ఆయన వైవిధ్యం అంతవరకే.) “ఏ పాట వెయ్యమంటారు?” అనేవాడు. చెప్పగానే “మంచిదండి” అని ఆ పాట వేసేవాడు. నవ్వడు, జోకు వెయ్యడు, అవతలి వాళ్ళ గొంతు బాగుందనడు. పండక్కీ అంతే, పబ్బానికీ అంతే. ఒకరోజు లైవులో ఉండగా వెనకాల జలపాతం ఊడి ఆయన నెత్తిన పడింది. ఆయన దాన్ని మెల్లగా పక్కకి తీసి, “ఏ పాటండీ?” అన్నాడు.

నేను ఇంట్లో ఆయన్ని అనుకరించేదాన్ని. మా అమ్మ తమ్ముడు, చిన్న మావయ్య, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. “ఓలే, మళ్ళీ సెయ్యే, ఆ మంచిదండీ సెయ్యే” అని అడిగి మరీ చేయించుకునేవాడు. పూండి దగ్గర ఊళ్ళో ఆయనకి కొబ్బరి తోట, కాస్త జీడితోట ఉండేవి. భావనపాడు నుంచి ఎండునెత్తళ్ళ చేపలు తెప్పించి అత్త వేయిస్తుంటే, ఆ వాసనకి తోటలో ఎక్కడున్నా లేచి వచ్చేసేవాడు. తిండి ముందు అంత సంతోషంగా కూర్చునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అలాంటి మనిషికే ఆ జబ్బు వచ్చింది. పలాస చుట్టుపక్కల మా ఉద్దానం ఊళ్ళకి అది కొత్తేం కాదు, వీధికొకరికి ఉంటుంది. ఎందుకొస్తోందో కనిపెడతామని ఎవరెవరో వచ్చి మా నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు. (తిరిగి ఏమీ పట్టుకురాలేదు.) మావయ్య కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు, ఉప్పు కూడదన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు, రోజు విడిచి రోజు పలాస వచ్చి డయాలిసిస్ మిషను మీద పడుకోమన్నారు.

అత్త ఉప్పుడబ్బా తీసి అటక మీద పెట్టేసింది. ఆయనకి లేని ఉప్పు మాకెందుకని ఇంటిల్లిపాదీ చప్పిడికూడే తినేవారు. మావయ్య ఆ కంచం ముందు కూర్చుంటే చూడలేకపోయేదాన్ని. దానికన్నా ఆయన్ని బాధపెట్టింది ఇంకొకటుంది. మావాళ్ళు దారిన పోతూ ఎవరైనా అరుగు మీద కనిపిస్తే బాగున్నావా అని అడగరు, “ఏటి కూర?” అని అడుగుతారు. అదే మా పలకరింపు. మావయ్య అరుగు మీద కూర్చుంటే పోయేవాడు పోతూ, వచ్చేవాడు వస్తూ, “ఏటి కూర బావా?” “ఏటి కూర మావా?” అంటూనే ఉండేవారు. వాళ్ళ తప్పేం లేదు, అలవాటు. మావయ్య మొదట్లో “సప్పిడిరా” అన్నాడు. తర్వాత జవాబు చెప్పడం మానేశాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చోవడమే మానేశాడు.

ఆయన్ని ఆటోలో పలాస తీసుకెళ్ళే పని నా మీద పడింది. నేను వాళ్ళింట్లోనే ఉండి, ఆయన్ని ఆసుపత్రిలో దింపి స్టూడియోకి పోయేదాన్ని, సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చేదాన్ని. బయల్దేరిన ప్రతిసారీ ఒక పెద్ద భాగోతం. “నాను రాను. ఎందుకే ఈ ఏడుపు? తోటలో పడుకుని సావనీండి నన్ను” అనేవాడు. అత్త ఏడ్చేది, ఆటో అబ్బాయి హారన్ కొట్టేవాడు. చివరికి ఎలాగో ఎక్కేవాడు. ఎక్కకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మా వీధిలో ఎక్కనని మొండికేసిన వాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళు వారం పది రోజులకి మించి మిగల్లేదు. ఆసుపత్రి గదిలో మంచాల వరస, ప్రతి మంచం పక్కనా ఓ మిషను, గోడకి పైన మా ఛానలే పెట్టిన టీవీ. మధ్యాహ్నం సప్పిడి మేష్టారి పాటలొచ్చే వేళకి అందరూ ఆ టీవీ వైపే చూస్తూ పడుకునేవారు. పాపం, వీళ్ళకి వేరే దిక్కులేదు కదా అని జాలిపడేదాన్ని.

ఒకరోజు కేబులు బావ నన్ను పిలిచి, “ప్రోగ్రాంలో ఉప్పూ కారం తగ్గిపోనాదే. మేష్టారు మేనకోడలి పెళ్ళికని ఇచ్ఛాపురం ఎల్తన్నాడు. ఆయనొచ్చేదాకా నువ్వు సేసీ. జనానికి నచ్చితే ఇంక నీదే” అన్నాడు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. చిలకపచ్చ చుడీదారు, భుజాలు తాకే జుంకాలు వేసుకుని, మావయ్యని ఆసుపత్రిలో దింపేటప్పుడు మంచాల వాళ్ళందరికీ వినపడేలా, “ఈరోజు నేనే వస్తున్నాను, చూడండి” అని చెప్పి మరీ వెళ్ళాను.

“హాయ్ హాయ్ హాయ్ పలాసా!” అని మొదలుపెట్టాను. మొదటి ఫోన్ వజ్రపుకొత్తూరు వైపు నుంచి, ఎవరో పెద్దావిడ. హైదరాబాదు యాంకర్లు ఎవరు ఫోన్ చేసినా ముందు భోజనం సంగతే అడుగుతారు కదా, నేనూ జుంకాలు ఊపుతూ, “భోంచేశారా అమ్మా? ఏం కూర?” అన్నాను. “కూరేటమ్మా, సప్పిడి” అంది ఆవిడ. నేను పకపకా నవ్వి, “అయ్యయ్యో, ఉప్పెయ్యడం మర్చిపోయారా? బాబాయిగారు తిట్టలేదా?” అన్నాను. “ఆయనకే ఉప్పు కూడదమ్మా” అని, పాట కూడా అడక్కుండా పెట్టేసింది. ఉద్దానంలో పుట్టిపెరిగి, చప్పిడికూడు తింటున్న ఇంట్లోంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన పిల్లకి అప్పటికైనా బుద్ధి రావాలా వద్దా? నోటికి పట్టిన పాఠం ఎక్కడ ఆగుతుంది? రెండో ఫోన్‌లో ఒకాయన్ని, “పోనీ కూర వదిలెయ్యండి, చల్లగా ఏం తాగారు?” అన్నాను. “నీళ్ళు కొలిసి ఇత్తన్నారమ్మా” అన్నాడాయన నెమ్మదిగా. కెమెరా వెనకాల కేబులు బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

మూడో ఫోన్ కలిసీ కలవగానే చెవులు చిల్లులు పడేలా ప్రతిధ్వని. నా మాటే నాకు వెనక్కి తిరిగొస్తోంది. “టీవీ సౌండు తగ్గించండి సార్” అన్నాను. ‘తగ్గించండి సార్, తగ్గించండి సార్’ అంటూ నా గొంతే కీచుమంటూ నన్ను వెక్కిరించింది. “సార్, ప్లీజ్, టీవీ సౌండు తగ్గించండి.”

“రిమోటు నేదే గుంటా” అంది అవతలి గొంతు. “పైనెక్కడో ఉన్నాది టీవీ. సూదులతో ఉన్నాం, ఎవుడు లేత్తాడు?”

అది మా మావయ్య. ఆసుపత్రి మంచం మీంచి చేశాడు. జిల్లా సగం చూస్తోంది. ఇంకేం తోచక, అలవాటు చొప్పున, “భోం... భోంచేశారా సార్?” అన్నాను.

“ఓలే, కూర సంగతి వొగ్గీయే!” అని కసిరాడు మావయ్య. “ఎండెలగున్నాదో అడుగు.”

“ఎండెలా ఉంది మావా?”

“నాకేటి తెల్దే? లోపలున్నాను. పొద్దున వొచ్చినపుడు బాగానే ఉన్నాది. మరి పాటెయ్యి.”

ఆయన వెనకాల మంచాల మీద అందరూ నవ్వడం ఫోన్‌లో వినపడింది. మావయ్య అడిగింది కొబ్బరితోటలో పని చేస్తూ ఎప్పుడూ పాడుకునే ఓ పాత పాట. వేశాను. అది నడుస్తున్నంతసేపూ, లైవ్ అయిపోగానే రైలెక్కి ఒడిశాలో ఏ కటకమో పారిపోతే బాగుండునని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సాయంత్రం తలొంచుకుని ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడెవరూ తిట్టలేదు. పక్క మంచం మీది మావ వరసాయన ఒకడు, “సప్పిడి మేష్టారెప్పుడొత్తారమ్మా?” అని మాత్రం అడిగాడు. ఆటోలో మావయ్య బయటికి చూస్తూ, “ఆడు మనం సెప్పగలిగిందే అడుగుతాడే” అన్నాడు. “మనిసికి ఏటడిగితే గుండె కలుక్కుమంటాదో, ఆడికి ఎరిక. ఆ దరిదాపులకి రాడు. అదెంత పనో నీకు తెల్దు. ఆ గది లోపలుంటే పెపంచకంలో ఉన్న గోలంతా మావే పడతన్నట్టుంటాది. ఆడు ఎండ గురించి అడిగితే, అబ్బ, బయట ఎండన్నది ఒకటున్నాది కదా అనిపిత్తాది.” మా ఇంట్లో నా అనుకరణకి పడీపడీ నవ్వే మావయ్యేనా ఈయన అనిపించింది. అప్పుడు తెలిసింది, ‘మళ్ళీ సెయ్యే’ అని అడిగింది వెక్కిరించడానికి కాదని. ఆ మాట ఇంకోసారి వినాలనిపించి అడిగేవాడు.

తర్వాత వంతు రోజు మావయ్య నిజంగానే ఎక్కనన్నాడు. ఈసారి అరవలేదు, అదే భయం వేసింది. పెరట్లో కొబ్బరిమట్ట మీద కూర్చుని, “ఈయాల నావల్ల కాదు. ఎవుడున్నాడని ఎల్లాల? పొద్దుపోదక్కడ” అన్నాడు. అత్త కాళ్ళు పట్టుకుంది. మా అమ్మ టెక్కలి నుంచి ఫోన్‌లో ఏడ్చింది. పొరుగింటి పెద్దాయన వచ్చి నచ్చజెప్పాడు. ఆయన దేనికీ కదల్లేదు. కాళ్ళు అప్పటికే పొంగి ఉన్నాయి, మొహం ఉబ్బింది. ఆటో అబ్బాయి కూడా హారన్ కొట్టకుండా ఇంజను ఆపేసి కూర్చున్నాడు. నేను తెగించి సప్పిడి మేష్టారికి ఫోన్ చేశాను.

అటు పెళ్ళిబాజాలు, ఎవరో ఒడియాలో గట్టిగా పిలుస్తున్నారు. సంగతంతా ఏడుస్తూ, గజిబిజిగా చెప్పాను. ఆయన అయ్యో అనలేదు, ఎలా ఉన్నాడనలేదు. “ఓపాలి ఇవ్వమ్మా” అన్నాడు. ఫోన్ మావయ్య చెవి దగ్గర పెట్టాను.

“నమస్కారం. ఎవరండీ మాట్లాడేది?” అదే గొంతు, టీవీలో గొంతు.

మావయ్య తెల్లబోయి, పేరు చెప్పాడు.

“ఏ ఊరండీ?”

ఊరు చెప్పాడు.

“ఎండెలా ఉందండీ?”

మావయ్య తలెత్తి ఆకాశం వైపు చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. “సుర్రుమంతన్నాది బాబూ. గాలి నేదు.”

“ఏ పాట వెయ్యమంటారు?”

మావయ్య ఆ పాత పాటే చెప్పాడు.

“మంచిదండి. మధ్యాహ్నం వేస్తాను, చూడండి.”

అంతే, ఫోన్ పెట్టేశాడు. మావయ్య ఫోన్ నాకిచ్చి, పంచె దులుపుకుని లేచి, “మరేటి, పాటడిగేసినాం కదా, సూడకపోతే బాగుండదు” అని ఆటో ఎక్కేశాడు. అత్త ఏడుపు మధ్యలో ఆపి, దేవుడికి దణ్ణం పెట్టాలో టీవీకి పెట్టాలో తెలియక రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది.

నేను స్టూడియోకి పోయి, పాట నేనే వెయ్యాలి కాబోలని మొహానికి పౌడరు రాసుకుంటున్నాను. (పాత పాఠం మాత్రం మర్చిపోయి కూర్చున్నాను. నోరు తెరవడానికే భయం.) కార్యక్రమం వేళకి ముందు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. సప్పిడి మేష్టారు, పెళ్ళిభోజనం వదిలేసి, ఏదో రైలు పట్టుకుని వచ్చేశాడు. పట్టుచొక్కా మీద పసుపు అక్షింతలు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆయన్ని బిస్కట్ రంగు లేకుండా నేను చూడటం అదొక్కసారే. జలపాతం ముందు కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఎందుకంత హడావిడిగా వచ్చాడో జనానికి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకునేది. పాట వేశాడు, అంతే. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చి ప్రతిధ్వని మోగితే, సౌండు తగ్గించమని అనలేదు. ఆయన ఎప్పుడూ అనలేదని నాకప్పుడే గుర్తొచ్చింది. లైవ్ అయ్యాక నేను ఉండబట్టలేక, “మేష్టారూ, మీరు ఎవరినీ కూర సంగతి ఎందుకడగరు?” అన్నాను. ఆయన చొక్కా మీది అక్షింతలు దులుపుకుంటూ, “అడిగితే ఆళ్ళు సెప్పాల కదమ్మా” అన్నాడు. కేబులు బావ ఉప్పూ కారం మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఆ కార్యక్రమం మళ్ళీ అడగలేదు.

మావయ్య ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ ఆటో ఎక్కుతూనే ఉన్నాడు. రానని అనేవాడు, పాటడిగేసినానని వచ్చేవాడు. పెద్ద తుఫానొకటి వచ్చి తోట మొత్తం పడుకోబెట్టేశాక ఆయన కూడా ఎక్కువ కాలం నిలబడలేదు. పోయిన రోజు ఇంటినిండా జనం. ఆఖరున ఏమన్నాడు, ఎన్ని గంటలకి, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం తిన్నాడు, అని ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. ప్రేమతోనే అడుగుతున్నారు. చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయి, గోడకి చేరబడి కూర్చుంటే ఫోన్ మోగింది. సప్పిడి మేష్టారు. ఆయనంతట ఆయన నాకు ఫోన్ చెయ్యడం అదే మొదలు.

“నమస్కారమమ్మా” అన్నాడు. ఇంకేమీ అడగకుండా, “ఎండెలా ఉందమ్మా?” అన్నాడు. నేను లేచి వాకిట్లోకి వెళ్ళి తలెత్తి చూశాను. “బాగానే ఉంది మేష్టారూ” అన్నాను. ఆ రోజంతా అందరూ అడిగినవాటిలో నేను ఏడవకుండా జవాబు చెప్పగలిగింది అదొక్కటే. “మంచిదమ్మా” అని, ఆ మధ్యాహ్నం ఎవరూ ఫోన్ చేసి అడక్కుండానే ఆ పాత పాట వేశాడట. ఎవరి కోసమో చెప్పలేదట. ఆసుపత్రి మంచాల మీద అందరికీ అర్థమైపోయిందని అక్కడి సిస్టరమ్మ తర్వాత చెప్పింది.

ఛానల్ ఎప్పుడో మూతపడింది. సప్పిడి మేష్టారు ఇచ్ఛాపురంలో చెల్లెలింటి దగ్గర ఉంటున్నాడని విన్నాను. నేను విశాఖపట్నంలో ఒక ఆఫీసులో రోజంతా ఫోన్లెత్తే పని చేస్తున్నాను. అక్కడ నాకు జుంకాలూ లేవు, హాయ్ హాయ్ హాయ్‌లూ లేవు. అవతలి వాళ్ళు కోపంగా ఉంటే మీ వైపు ఎండెలా ఉందండీ అని అడుగుతాను, నా వెనకాల నన్ను చప్పిడి మేడం అంటారని నాకు తెలుసు. మొన్న కేబులు బావ పాత సామానులో ఆ చిలకపచ్చ రోజు రికార్డింగు దొరికిందని నా ఫోన్‌కి పంపించాడు. ఆ పిల్ల జుంకాలు ఊపుతూ మాట్లాడుతుంటే, ఓలమ్మా, ఎవరైనా కాస్త సౌండు తగ్గించండి అనిపించింది. తగ్గించబోయి ఆగిపోయాను. తగ్గిస్తే మూడో ఫోన్ సరిగ్గా వినపడదు. ఇప్పుడు దిగులు పుట్టినప్పుడల్లా అది పెట్టుకుంటాను. “ఎండెలగున్నాదో అడుగు” అని మావయ్య కసురుతాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసి, బాగానే ఉంది మావా అంటాను.